గుండె పంపింగ్ 30 శాతమే ఉన్నప్పుడు దాన్ని ఇంకా నెమ్మదింపజేసే మాత్ర ఎందుకు ఇస్తారు?

ప్రశ్న: తుంగభద్ర

మా నాన్నగారి వయసు అరవై మూడేళ్లు. నిరుడు వేసవిలో ఆయనకు గుండెపోటు వచ్చింది. ఆసుపత్రికి చేరేసరికి ఆలస్యమైంది గాని, స్టెంట్ వేసి పంపాక చాలాకాలం బాగానే తిరిగారు. ఈ మధ్య మేడ మెట్లెక్కితే ఆయాసం, సాయంత్రానికి పాదాల వాపు, రాత్రి పడుకున్నాక ఊపిరాడక లేచి కూర్చోవడం మొదలయ్యాయి. ఎకో తీసి, పంపింగ్ 30 శాతమే ఉందనీ, ఇది హార్ట్ ఫెయిల్యూర్ అనీ చెప్పి ఐదు రకాల మాత్రలు రాశారు. వైద్యులు ఓపికగానే మాట్లాడారు. అయితే బయట వేచి ఉన్నవారి వరుసను చూసి, ఎక్కువసేపు అడగడానికి మాకే మొహమాటమనిపించింది.

30 శాతమంటే తక్కిన 70 శాతం గుండె చచ్చిపోయినట్టేనా? బలహీనపడిన గుండెకు బలమిచ్చే మందు ఇవ్వాలి కదా, మరి చీటీలో గుండె వేగాన్ని తగ్గించే మెటోప్రోలాల్, బీపీ తగ్గించే ఇంకో మాత్ర ఎందుకున్నాయి? ఆయన బీపీ ఇప్పటికే 104/66. మూత్రపిండాల పరీక్షలన్నీ సరిగానే ఉన్నప్పుడు ఒంట్లో నీరు ఎందుకు చేరింది? మోతాదుల గురించి సలహా అడగడం లేదు. ఆయనకు నమ్మకంగా చెప్పి మందులు మింగించాలంటే ముందు నాకు అర్థం కావాలి.

జవాబు: విశ్రాంత ఆచార్యుడు

నేను వైద్య కళాశాలలో శరీరధర్మశాస్త్రం బోధించి విరమించినవాడిని. మీ ప్రశ్నలన్నిటికీ జవాబు చివరి ప్రశ్నలోనే, అంటే మూత్రపిండాల దగ్గరే ఉంది. కాని ఆ అంకె మిమ్మల్ని కలవరపెడుతున్నట్టుంది కనుక ముందు దాని సంగతి చూద్దాం.

ఆరోగ్యవంతుడి ఎడమ జఠరిక, అంటే ఒళ్లంతటికీ రక్తాన్ని నెట్టే గుండె గది, పూర్తిగా నిండినప్పుడు అందులో దాదాపు 120 మిల్లీలీటర్ల రక్తం ఉంటుంది. ఒక్క స్పందనలో అది బయటికి పంపేది 70 మిల్లీలీటర్లు మాత్రమే; మిగిలింది లోపలే ఉండిపోతుంది. అంటే ఏ లోపమూ లేని గుండె పంపింగ్ కూడా 58 శాతమే. 55 నుంచి 70 వరకూ ఎంత ఉన్నా మామూలుగానే లెక్క, వంద శాతం ఏ గుండెకూ ఉండదు. కాబట్టి మీ నాన్నగారి 30ని వందతో కాక అరవైతో పోల్చి చూడాలి. పైగా దెబ్బతిన్న జఠరిక నెలల తరబడి సాగి పెద్దదవుతుంది. అది 200 మిల్లీలీటర్లు పట్టేంతగా సాగిందనుకుంటే, అందులో 30 శాతం 60 మిల్లీలీటర్లు అవుతుంది. మామూలు 70కి అది మరీ దూరం కాదు. విశ్రాంతిగా ఉన్న శరీరానికి నిమిషానికి 5 లీటర్ల రక్తం అందితే సరిపోతుంది కనుక ఆయన కూర్చున్నప్పుడు హాయిగానే ఉంటారు. మెట్లెక్కేటప్పుడు ఆరోగ్యవంతుడి గుండె ఆ 5 లీటర్లను మూడు నాలుగు రెట్లు పెంచుతుంది, ఆయన గుండె అంత పెంచజాలదు. ఇంకొక మాట: ఒకే మనిషికి ఇద్దరు ఎకో చూస్తే అంకెలో ఐదారు శాతం తేడా రావడం సాధారణం. ఈసారి 30 వచ్చి, మరోసారి 27 వచ్చినంత మాత్రాన గుండె క్షీణించిందని బెంగపడకండి.

ఇక నీరు ఎందుకు చేరిందన్న విషయం. గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతోందో నేరుగా కొలిచే ఏర్పాటు మన శరీరంలో లేదు. మెడ ధమనుల్లోనూ బృహద్ధమని వంపులోనూ పీడనాన్ని పసిగట్టే నాడుల కొసలు ఉంటాయి, మూత్రపిండాలు తమ దాకా వచ్చే రక్తపు ఒత్తిడిని గమనిస్తూ ఉంటాయి. ఈ రెండుచోట్లా తగ్గుదల కనబడితే శరీరం దానికి చెప్పుకునే అర్థం ఒక్కటే: రక్తం కారిపోతోంది, లేదా ఒంట్లో నీరు ఇంకిపోతోంది. గుండె బలహీనపడిందన్న అర్థం దానికి తట్టదు. అందుకని అడ్రినలిన్, నారడ్రినలిన్ విడుదలై గుండెను వేగంగా, గట్టిగా కొట్టిస్తాయి. మూత్రపిండాలు రెనిన్‌ను వదులుతాయి. దాని వల్ల తయారయ్యే యాంజియోటెన్సిన్ రక్తనాళాలను బిగిస్తుంది, ఆ వెనుకనే వచ్చే ఆల్డోస్టిరోన్ ఉప్పునూ నీటినీ మూత్రంలోకి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. పురుటిలో రక్తస్రావమైన తల్లికి గాని, వాంతులూ విరేచనాలతో శోషిల్లిన మనిషికి గాని ఈ ఏర్పాటే ప్రాణం నిలబెడుతుంది. అయితే అది గంటలకో రోజులకో ఉద్దేశించినది. మీ నాన్నగారి విషయంలో కారిపోయిన రక్తం ఏదీ లేదు కనుక లోటు ఎన్నటికీ తీరదు, ఆ హార్మోన్లు నెలల తరబడి ఆగకుండా పనిచేస్తూనే ఉంటాయి. మూత్రపిండాలు ఆరోగ్యంగా ఉన్నాయి కనుకనే నీటిని అంత సమర్థంగా పట్టి ఉంచుతున్నాయన్నమాట.

అలా చేరిన నీరు గుండె వెనుక పేరుకుంటుంది. ఎడమ జఠరిక తనకు వచ్చినదంతా ముందుకు నెట్టలేకపోతే ఊపిరితిత్తుల సిరల్లో పీడనం పెరిగి, గాలి గదుల చుట్టూ చెమ్మ చేరి ఆయాసం వస్తుంది. కుడివైపు కూడా వెనుకబడితే కాళ్లు, పొట్ట, కాలేయం ఉబ్బుతాయి. పగలంతా కాళ్లలో నిలిచిన నీరు మనిషి పడుకోగానే మళ్లీ రక్తంలోకి చేరి గుండె మీద పడుతుంది కనుకనే రాత్రివేళ ఊపిరాడక లేవవలసి వస్తుంది.

మీ రెండో ప్రశ్న మీది మాత్రమే కాదు, చాలాకాలం వైద్యలోకానిదీ అదే ప్రశ్న. బలహీనమైన గుండెకు బీటా బ్లాకర్, అంటే అడ్రినలిన్‌ను అడ్డుకునే మెటోప్రోలాల్ వంటి మందు, ఇవ్వరాదని పాఠ్యపుస్తకాలే నిషేధించిన రోజుల్లో, 1975లో, స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు చెందిన ఫిన్ వాగ్‌స్టీన్ బృందం గుండె కండరం బాగా దెబ్బతిన్న ఏడుగురు రోగులకు ఆ మందులు ఇచ్చి, వారి పరిస్థితి మెరుగుపడిందని ప్రచురించింది. అప్పుడు నమ్మినవారు తక్కువ. రెండు పెద్ద పరీక్షల ఫలితాలు 1999లో వెలువడి, బీటా బ్లాకర్ తీసుకున్నవారిలో మరణాలు మూడోవంతు తగ్గాయని తేల్చాకే అనుమానాలు తీరాయి. ఈ మధ్యలో గుండెకు బలమిచ్చే మార్గాన్నీ ప్రయత్నించకపోలేదు. మిల్రినోన్ అనే మందు గుండె సంకోచాన్ని గట్టిపరుస్తుంది. దాన్ని మాత్రల రూపంలో దీర్ఘకాలం ఇచ్చి చూస్తే మరణాలు 28 శాతం పెరిగాయని 1991లో తేలింది. అలసిన ఎద్దును ముల్లుగర్రతో పొడిస్తే బండి కాసేపు కదులుతుంది, తరవాత ఎద్దు కూలబడుతుంది. మీ నాన్నగారి శరీరం ఇప్పటికే రేయింబవళ్లు అడ్రినలిన్‌తో ఆ పని చేస్తోంది. మెటోప్రోలాల్ ఆ ముల్లుగర్రను పక్కకు తీసి పెడుతుంది.

నెమ్మదించడంలో మరో లాభం కూడా ఉంది. ఎడమ జఠరిక కండరానికి దాని సొంత రక్తం ప్రధానంగా అది సడలినప్పుడే అందుతుంది, ఎందుకంటే బిగుసుకున్నప్పుడు కండరం తనలోని నాళాలను తానే నొక్కేస్తుంది. నిమిషానికి 60 సార్లు కొట్టే గుండెకు ప్రతి సెకనులో సుమారు మూడింట రెండు వంతులు సడలే వ్యవధి దొరుకుతుంది. వేగం 120కి చేరితే కోత పడేది చాలావరకు ఆ వ్యవధికే. అయితే ఈ మందును చాలా తక్కువ మోతాదుతో మొదలుపెట్టి వారాల మీద పెంచుతారు. మొదట్లో నీరసం ఎక్కువైనట్టు అనిపించవచ్చు, గుండె రూపు మారడానికి నెలలు పడుతుంది. ఆ మొదటి వారాల్లోనే చాలామంది విసిగి మానేస్తారు.

బీపీ మాత్ర అన్నది బహుశా ఎనలాప్రిల్, రామిప్రిల్ వర్గానిదో, సాక్యుబిట్రిల్-వల్సార్టాన్ జంటదో అయి ఉంటుంది. ఈ సందర్భంలో దాని పని బీపీ తగ్గించడం కాదు, యాంజియోటెన్సిన్‌ను అడ్డుకోవడం. స్కాండినేవియా దేశాల్లో మంచం పట్టే దశకు చేరిన 253 మంది మీద ఎనలాప్రిల్‌ను పరీక్షించి 1987లో ఫలితాలు ప్రకటించారు: ఆరు నెలల్లో ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవారిలో 44 శాతం, ఎనలాప్రిల్ తీసుకున్నవారిలో 26 శాతం చనిపోయారు. ఈ వర్గపు మందుల మూలం బ్రెజిల్‌కు చెందిన జరారాకా అనే విషసర్పం దగ్గర ఉందని చెబితే నా విద్యార్థులు నమ్మేవారు కాదు. ఆ పాము కరిస్తే మనిషి బీపీ ఎందుకు పడిపోతుందని వెతకడమే చివరికి ఈ వర్గపు తొలి మాత్ర క్యాప్టోప్రిల్‌కు దారి తీసింది. ఇక స్పైరనోలాక్టోన్ ఆల్డోస్టిరోన్‌ను అడ్డుకుంటుంది. మీ చీటీలో డాపాగ్లిఫ్లోజిన్ ఉంటే షుగర్ లేకపోయినా ఎందుకు రాశారని కంగారుపడకండి. మధుమేహానికి పుట్టిన ఆ మందు, మధుమేహం లేని గుండె రోగులకూ మేలు చేస్తుందని 2019లో రుజువైంది. ఫ్యూరోసెమైడ్ మాత్రం నీటిని వెళ్లగొట్టి ఊపిరి సులువు చేసేది. మనిషికి తక్షణం తెలిసే ఉపశమనం దానితోనే వస్తుంది, ఆయుష్షు పెంచుతాయని రుజువైనవి మాత్రం తక్కిన నాలుగూను. అందుకే రోగులు ఫ్యూరోసెమైడ్‌ను ఇష్టపడి, మిగిలినవాటిని నిర్లక్ష్యం చేస్తుంటారు.

తుంగభద్ర

ఆచార్యులవారికి నమస్కారాలు. రాత్రి నాన్నగారికి ఇదంతా చదివి వినిపించాను. "అయితే నా ఒళ్లే నన్ను పొరబడి కాపాడుతోందన్నమాట" అన్నారు. ఇంట్లో పాటించవలసినవి కూడా ఎవరైనా చెబితే బాగుంటుంది. ఉప్పు తగ్గించమన్నారని అమ్మ సోడియం తక్కువ ఉండే ఉప్పు పొట్లం తెప్పించింది.

జవాబు: మందులకొట్టు

తుంగభద్ర గారూ, ముందుగా ఆ పొట్లం పక్కన పెట్టించి, వైద్యుణ్ని అడిగాకే వాడండి. అలాంటి ఉప్పుల్లో సోడియం తగ్గించి, ఆ మేరకు పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మామూలు మనిషికి అది మంచిదే. రామిప్రిల్ వంటి మాత్ర, స్పైరనోలాక్టోన్ రెండూ పొటాషియంను ఒంట్లోనే ఉంచుతాయి. వాటి మీద ఈ ఉప్పు కూడా తోడైతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ ప్రమాదకరంగా దెబ్బతినవచ్చు. రోజూ తాగే కొబ్బరినీళ్ల విషయంలోనూ ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ఈ మందులు మొదలుపెట్టాక మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు మళ్లీ మళ్లీ రాసేది ఇందుకే గాని ఖర్చు పెంచడానికి కాదు.

మామూలు ఉప్పునే తగ్గించడం మంచి దారి. పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే అన్ని వంటకాల్లోనూ కలిపి ఒక చిన్న చెంచాడు. కూరలో ఉప్పు తగ్గించి, పక్కన ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయలు, మజ్జిగలో మళ్లీ చిటికెడు వేసుకుంటే ఆ తగ్గింపుకు అర్థం లేదు. నిల్వ పచ్చళ్లు, వడియాలు, ఎండుచేపలు ఉప్పు మీదే నిలుస్తాయి. నిమ్మరసం, చింతపండు, మిరియాలు, వెల్లుల్లి, కరివేపాకు ఎంత కావాలంటే అంత వాడవచ్చు. రెండు మూడు వారాలు చప్పగా అనిపించినా తరవాత నాలుక అలవాటు పడుతుంది.

మా కొట్లో నేను చూసే అతిపెద్ద ప్రమాదం ఉప్పు కాదు, మోకాళ్ల నొప్పులకని చీటీ లేకుండా కొనే డైక్లోఫెనాక్, ఐబూప్రోఫెన్ మాత్రలు. అవి మూత్రపిండాల చేత ఉప్పునూ నీటినీ పట్టించి, మూత్రం మాత్ర (ఫ్యూరోసెమైడ్) పనిని చెడగొడతాయి. తేరుకుంటున్న మనిషి వారంలోనే మళ్లీ ఆయాసంతో ఆసుపత్రిలో చేరవచ్చు. నొప్పికైనా జ్వరానికైనా పారాసిటమాల్ వాడమనండి, అందులోనూ నీళ్లలో వేస్తే బుసబుస పొంగే రకం వద్దు, దానిలో సోడియం ఎక్కువ.

ఒక తూకం యంత్రం కొనండి. పొద్దున్నే మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసుకోవాలి. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. పాదాలు వాచకముందే, ఆయాసం రాకముందే ఈ అంకె చెబుతుంది, అప్పుడే ఫోను చేస్తే చాలాసార్లు మోతాదు సవరణతో సరిపోతుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే మాత్రం వ్యవహారం తిరగబడుతుంది; ఈ మందులన్నీ మామూలుగా మింగుతూ పోతే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు కనుక ఆ రోజే వైద్యుణ్ని అడగండి. డాపాగ్లిఫ్లోజిన్ వాడేవారు ఏకాదశి ఉపవాసమైనా రంజాన్ ఉపవాసమైనా వైద్యుడికి చెప్పకుండా ఉండకూడదు.

ప్రశ్న: నర్మద

ఈ చర్చలోనే అడగవచ్చనుకుంటాను. మా అత్తగారికి డెబ్బై దాటాయి, బీపీ, షుగర్ ఎప్పటినుంచో ఉన్నాయి. ఆవిడకూ ఇవే లక్షణాలు, ఆయాసం, కాళ్ల వాపు. కాని ఎకోలో పంపింగ్ 60 శాతం వచ్చింది. అంతా బాగుందన్నవారు ఒకరు, హార్ట్ ఫెయిల్యూరే అన్నవారు మరొకరు. ఎవరి మాట నిజం?

జవాబు: విశ్రాంత ఆచార్యుడు

నర్మద గారూ, రెండోవారి మాట పూర్తిగా సాధ్యమే. పంపింగ్ శాతం గుండె పిండే శక్తిని మాత్రమే చెబుతుంది, నిండే శక్తిని చెప్పదు. ఏళ్ల తరబడి ఎక్కువ బీపీకి ఎదురు నెట్టిన జఠరిక గోడలు మందమై, బిరుసెక్కుతాయి. వయసు, మధుమేహం, స్థూలకాయం దానికి తోడవుతాయి. అలాంటి జఠరిక సరిగ్గా సడలదు. 80 మిల్లీలీటర్లే పట్టే గుండె 48 పంపితే అంకె 60 శాతమనే వస్తుంది, కాని శరీరానికి అందింది 48 మాత్రమే. అది నిండాలంటే వెనుక పీడనం పెరగాలి, ఆ పీడనమే ఊపిరితిత్తులను ఇబ్బంది పెడుతుంది. హార్ట్ ఫెయిల్యూర్ ఉన్నవారిలో దాదాపు సగం మంది ఈ రకంవారే, వారిలోనూ పెద్ద వయసు స్త్రీలు ఎక్కువ. సందేహం ఉన్నచోట ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ అనే రక్తపరీక్ష తోడ్పడుతుంది. సాగదీతకు గురైన గుండె కండరం విడుదల చేసే పదార్థాన్ని అది కొలుస్తుంది. అయితే స్థూలకాయుల్లో ఆ విలువ ఉండవలసినదానికన్నా తక్కువగా కనబడుతుంది, ఒక్క దాని మీదే తీర్పు చెప్పరాదు. పంపింగ్ తగ్గిన మొదటి రకానికి పనిచేసిన మందులు చాలావరకు ఈ రకంలో నిరాశపరిచాయి. బీపీ అదుపు, నీరు తగ్గించడం, ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ వర్గం ఇక్కడ ముఖ్యమైనవి.

మనవైపు ఇంకో కారణాన్ని కూడా మరచిపోకూడదు. చిన్నతనంలో సరైన చికిత్స అందని గొంతునొప్పి కీళ్లవాతంగా మారి, ఏళ్ల తరవాత గుండె ఎడమవైపు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటాన్ని ఇరుకు చేస్తుంది. కండరం బాగున్నా ద్వారం మూసుకుపోవడం వల్ల వచ్చే ఆయాసం అది. తరచు మొదటి గర్భంలో బయటపడుతుంది, దానికి బెలూన్‌తోనో శస్త్రచికిత్సతోనో కవాటాన్ని సరిచేయాలి.

జవాబు: వార్డు సిస్టర్

నేను హైదరాబాదులో గుండె విభాగంలో నర్సుగా పనిచేస్తున్నాను. తుంగభద్ర గారు అడగని విషయం ఒకటి చెప్పాలి. పంపింగ్ బాగా తగ్గినవారిలో కొందరు ఆయాసం ముదిరి కాక, గుండె లయ ఒక్కసారిగా గాడి తప్పి అకస్మాత్తుగా చనిపోతారు. గుండెపోటులో చచ్చిన కండరం మచ్చగా మారి, దాని అంచుల వెంట విద్యుత్ తరంగం సుడి తిరగడం ఇందుకు కారణం. కనీసం మూడు నెలలు సరైన మందులు వాడాక కూడా పంపింగ్ 35 శాతమో అంతకన్నా తక్కువో ఉంటే, ఐసీడీ అనే చిన్న యంత్రాన్ని చర్మం కింద అమర్చడం గురించి వైద్యులు ఆలోచిస్తారు. అటువంటి లయ వచ్చిన క్షణంలో అది లోపలినుంచే షాక్ ఇస్తుంది. కాబట్టి మూడు నెలల తరవాత ఎకో మళ్లీ ఎప్పుడని మీరే అడగండి. మందులతో 40 దాటినవారిని చాలామందిని చూశాను, అలా దాటితే యంత్రం అవసరమే రాకపోవచ్చు. దాటారు గదా అని మందులు మానేస్తే మాత్రం మళ్లీ పడిపోవచ్చు.

మందులూ యంత్రాలూ చాలని దశలో గుండెమార్పిడి ఉంది. 1967 డిసెంబరు 3న కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ చేసిన మొదటి మార్పిడిలో రోగి 18 రోజులే బతికారు. కొత్త గుండెను శరీరం తిరస్కరించకుండా ఆపే సైక్లోస్పోరిన్ 1980లలో వచ్చాకే ఈ చికిత్స నిలదొక్కుకుంది. మన దేశంలో మొదటి విజయవంతమైన మార్పిడిని 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో చేసిన పి. వేణుగోపాల్ గారు రాజమహేంద్రవరంలో పుట్టినవారు. దాత నుంచి తీసిన గుండె, మామూలుగా మంచుపెట్టెలో తెచ్చే పద్ధతిలో, దాదాపు నాలుగు గంటల్లోగా కొత్త ఛాతీలో కొట్టుకోవాలి. 2021 ఫిబ్రవరిలో నాగోల్ నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైలును ఎక్కడా ఆపకుండా నడిపి ఒక గుండెను తరలించింది ఇందుకోసమే. తెలంగాణలో దాతల గుండెల కేటాయింపు ప్రభుత్వ అవయవదాన పథకమైన జీవన్‌దాన్ జాబితా ద్వారా జరుగుతుంది. మార్చిన గుండెకు నాడులు తెగి ఉంటాయి గనుక అది మెదడు ఆజ్ఞ లేకుండా తన సొంత లయతో నిమిషానికి 90, 100 సార్లు కొడుతూ ఉంటుంది. కొత్తగా మా వార్డుకు వచ్చిన నర్సులు ఆ మానిటర్ చూసి జ్వరమేమోనని పరుగెత్తుతారు.

తుంగభద్ర గారి నాన్నగారు ఆ దశకు చాలా దూరంలో ఉన్నారు. నీరు తగ్గి, ఆయాసం కుదుటపడ్డాక మంచానికే పరిమితం చేయకండి. పక్కవారితో మాట్లాడగలిగే వేగంలో చదునైన దారిన నడవడం మంచిది, మాట తెగిపోతే ఆగాలి. ఫ్లూ టీకా ఏటా వేయించండి, ఎందుకంటే కుదుటపడ్డ గుండె మళ్లీ చెడడానికి ఛాతీ జలుబు తరచు కారణమవుతుంది. రాత్రి మూత్రం మాత్ర వల్ల నిద్ర చెడుతోందని మానేసేవారు ఉంటారు. ఆ మాత్ర రెండు పూటలా రాసి ఉంటే, రెండోది సాయంత్రం కాక మధ్యాహ్నమే వేసుకోవచ్చా అని వైద్యుణ్ని అడగండి.